రాస్ప్‌బెర్రీ పై మీద ఆడియో లైబ్రరీలు: చివర "డెవ్" లేకపోతే సగం రోజు పోయినట్టే

మైకు పనిచేస్తోంది, స్పీకర్ పనిచేస్తోంది, పాట పెడితే వినపడుతోంది, కానీ మీరు రాసుకున్న ప్రోగ్రాం మాత్రం కంపైల్ కావట్లేదు, "పోర్ట్‌ఆడియో చుక్క హెచ్" అనే ఫైల్ లేదంటోంది. రాస్ప్‌బెర్రీ పై (అరచేతిలో పట్టే చిన్న కంప్యూటర్ బోర్డు) మీద ఆడియో పని మొదలుపెట్టిన వాళ్లలో చాలామంది ఇక్కడే ఆగిపోతారు. "లైబ్రరీ లేకపోతే మరి పాట ఎలా వినపడింది?" అని మా బాబాయి కొడుకు హాస్టల్ నుంచి రాత్రి పదకొండింటికి ఫోన్ చేసి అడిగాడు. వాడికి ఫోన్‌లో చెప్పిందే ఇక్కడ రాస్తున్నాను, అందుకే కమాండ్లు కూడా నోటితో చెప్పినట్టే ఉంటాయి. టైప్ చేసేటప్పుడు అన్నీ ఇంగ్లిష్ చిన్న అక్షరాలే, పెద్దక్షరం కావాల్సిన చోట విడిగా చెప్తాను. గీత అంటే కీబోర్డులో సున్నా పక్కనుండే మైనస్ గుర్తు.

వాడి ప్రశ్నకి జవాబు ఇది. రాస్ప్‌బెర్రీ పై ఓఎస్ డెబియన్ మీద కట్టింది, డెబియన్‌లో ఒక్కో లైబ్రరీని రెండు ప్యాకేజీలుగా విడగొట్టి ఉంచుతారు. ఒకటి, తయారైన ప్రోగ్రాం నడవడానికి కావలసింది. రెండోది, కొత్త ప్రోగ్రాం తయారుచేసేవాడికి కావలసింది, అంటే హెడర్ ఫైళ్లు (లైబ్రరీలో ఏ ఫంక్షన్లు ఉన్నాయో కంపైలర్‌కి చెప్పే జాబితాలు), లింక్ చేయడానికి కావలసిన చిన్నచిన్న ముక్కలు. ఈ రెండో ప్యాకేజీ పేరు చివర "గీత డెవ్" అని ఉంటుంది. హోటల్లో కూర్చుని తినేవాడికి విస్తరి చాలు, వంటింట్లోకి వెళ్లి వండేవాడికి మాత్రం ఏ డబ్బాలో ఏముందో తెలియాలి కదా. పాట వినపడిందంటే మొదటి ప్యాకేజీ ఉందని అర్థం, అంతే. రెండోది ఎవరో ఒకరు అడిగితే తప్ప తనంతట తాను రాదు.

ముందు బోర్డు సంగతి చూద్దాం. రాస్ప్‌బెర్రీ పై దేనికీ మైకు పెట్టుకునే రంధ్రం లేదు. పై 3కి, పై 4కి ఉన్న 3.5 మిల్లీమీటర్ల జాక్ శబ్దం బయటికి పంపడానికే, లోపలికి తీసుకోవడానికి కాదు. పై 5కీ జీరో బోర్డులకీ ఆ జాక్ కూడా లేదు. కాబట్టి రికార్డింగ్ కావాలంటే యూఎస్‌బీ మైకో, చిన్న యూఎస్‌బీ సౌండ్ కార్డో తప్పదు (బోర్డు పిన్నులకి నేరుగా వైర్లు కలిపే ఐ2ఎస్ మైకులు, పైన తగిలించే హ్యాట్ బోర్డులు ఉన్నాయి గానీ మొదటిసారే వాటి జోలికి వెళ్తే తప్పు లైబ్రరీలో ఉందో వైరింగ్‌లో ఉందో తేల్చుకోలేక తల పట్టుకుంటారు). జీరో 2 డబ్ల్యూ వాడుతుంటే దానికున్నది మైక్రో యూఎస్‌బీ, ఓటీజీ ముక్క ఒకటి తగిలించాలి.

కరెంటు విషయంలో పిసినారితనం వద్దు. నేను ఒకసారి పాత ఫోన్ ఛార్జర్‌తో పై 4 నడిపాను, రికార్డింగ్‌లో టిక్కు టిక్కుమని చప్పుళ్లు వస్తుంటే రెండు రోజులు కోడ్ తిరగరాశాను, చివరికి తేలిందేమిటంటే ఛార్జర్ చాలట్లేదు. పై 4కి 5 వోల్టులు 3 ఆంపియర్లు ఇచ్చే అడాప్టర్ కావాలి. అనుమానం ఉంటే ఇది కొట్టండి:

విసిజెన్‌సిఎండి గెట్_థ్రాటిల్డ్

మొదటి మాట వి, సి, జి, ఇ, ఎన్, సి, ఎం, డి అని కలిపి. రెండో మాటలో మధ్యలో ఉన్నది కింది గీత. జవాబులో "0ఎక్స్0" వస్తే అంతా బాగున్నట్టు. ఇంకేదైనా అంకె వచ్చిందంటే వోల్టేజి పడిపోవడమో, వేడికి వేగం తగ్గించుకోవడమో జరిగింది, దాని సంగతి చూసుకున్నాకే ముందుకెళ్లండి.

ఇక ఇన్‌స్టలేషన్. మొదటి రెండు కమాండ్లు అందరూ చెప్పేవే, అయినా వదిలేయకండి:

సుడో ఆప్ట్ అప్‌డేట్
సుడో ఆప్ట్ ఫుల్ గీత అప్‌గ్రేడ్

అప్‌డేట్ అనేది ప్యాకేజీల జాబితాను మాత్రమే తాజా చేస్తుంది. ఇది చేయకుండా నేరుగా ఇన్‌స్టాల్ కొడితే "అనేబుల్ టు లొకేట్ ప్యాకేజ్" అంటుంది, మీరేమో పేరు తప్పు కొట్టానేమో అని పదిసార్లు చూసుకుంటారు. ఇక్కడే ఇంకో చిత్రమైన చిక్కు ఉంది: పై 4 దాకా వచ్చిన బోర్డుల్లో కరెంటు తీసేశాక టైము గుర్తుపెట్టుకునే గడియారం లేదు. పై 5లో ఉంది గానీ దాని బ్యాటరీ విడిగా కొనుక్కోవాలి. ఇంటర్నెట్ తగలకుండా బోర్డు లేస్తే దానికి తేదీ తప్పుగా ఉంటుంది, అప్పుడు అప్‌డేట్ చేయబోతే ఆ జాబితా "ఇంకా చెల్లుబాటులోకి రాలేదు" అన్నట్టు ఒక ఎర్రర్ ఇస్తుంది. సర్వర్‌ని తిట్టుకోకముందు "డేట్" అని కొట్టి ఈ రోజు తేదీ ఉందో లేదో చూడండి.

"కుడ్ నాట్ గెట్ లాక్" అని వస్తే వెనకాల ఇంకో అప్‌డేట్ నడుస్తోందని అర్థం, ఐదు నిమిషాలు ఆగండి. ఆ లాక్ ఫైల్‌ని డిలీట్ చేయమని సలహా ఇచ్చేవాళ్లుంటారు, ఆ సలహా వినకండి.

లైబ్రరీల కంటే ముందు, ఒక్క లైను కోడ్ కూడా రాయకుండా, శబ్దం లోపలికి వస్తోందో లేదో తేల్చుకోవాలి. ఇది నేను పట్టుబట్టి చెప్పే మాట. లినక్స్‌లో శబ్దానికి అడుగున ఉండేది అల్సా. పైన ప్రోగ్రాంలకి శబ్దం పంచిపెట్టే పల్స్‌ఆడియో ఉన్నా, పైప్‌వైర్ ఉన్నా, చివరికి కార్డుతో మాట్లాడేది అల్సాయే. డెస్క్‌టాప్ లేని లైట్ ఓఎస్ వేసుకుంటే మామూలుగా ఉండేది అదొక్కటే. డెస్క్‌టాప్ ఉన్న బుక్‌వార్మ్‌లో (డెబియన్ 12 మీద కట్టిన ఓఎస్ వెర్షన్) పైన పైప్‌వైర్ ఉంటుంది. ఏదైనా సరే, ఇది కొట్టండి:

ఎరికార్డ్ గీతఎల్

ఎ అక్షరం, ఆ వెంటనే రికార్డ్ అనే మాట, ఖాళీ, గీత, చిన్న ఎల్. రికార్డ్ చేయగల కార్డుల జాబితా వస్తుంది. అందులో మీ యూఎస్‌బీ కార్డు పేరు, దాని కార్డు నంబరు, డివైస్ నంబరు ఉంటాయి. నా దాంట్లో కార్డు 2, డివైస్ 0. జాబితా ఖాళీగా ఉంటే ఏ లైబ్రరీ వేసినా ప్రయోజనం లేదు, ముందు వైరు, ఆ తర్వాత మైకు చూడండి. కార్డు కనపడితే ఐదు సెకన్లు రికార్డ్ చేద్దాం:

ఎరికార్డ్ గీతడి ప్లగ్‌హెచ్‌డబ్ల్యూ:2,0 గీతఎఫ్ ఎస్16_ఎల్‌ఇ గీతఆర్ 44100 గీతసి 1 గీతడి 5 పరీక్ష ఫైల్ పేరు

ఇందులో జాగ్రత్తగా చూడాల్సినవి మూడు. మొదటి "గీతడి"లో డి పెద్దక్షరం, అది ఏ కార్డో చెప్తుంది. చివరి "గీతడి"లో డి చిన్నది, అది ఎన్ని సెకన్లో చెప్తుంది. మధ్యలో ఎస్16 కింది గీత ఎల్‌ఇ అన్నది మొత్తం పెద్దక్షరాలు. ఫైల్ పేరు చివర చుక్క, డబ్ల్యూ ఎ వి పెట్టుకోండి. రెండు అంకెల స్థానంలో మీ కార్డు, డివైస్ నంబర్లు వేసుకోవాలి. ప్లగ్‌హెచ్‌డబ్ల్యూ బదులు ఉత్త హెచ్‌డబ్ల్యూ అని రాస్తే కార్డుకి తెలిసిన రేటు, తెలిసిన ఫార్మాట్ మాత్రమే ఒప్పుకుంటుంది, చవక కార్డుల్లో చాలావాటికి కొన్ని రేట్లే వచ్చు. ప్లగ్ అని ముందు తగిలిస్తే అల్సా మధ్యలో ఉండి మార్పిడి చేసి పెడుతుంది.

రికార్డ్ అయ్యాక విని చూడటం సరే, సైజు కూడా చూడండి. సెకనుకి 44,100 శాంపిళ్లు, ఒక్కోటి 2 బైట్లు, ఐదు సెకన్లకి 4,41,000 బైట్లు, ముందున్న హెడర్ 44 బైట్లు, మొత్తం 4,41,044. సరిగ్గా అంతే ఉంటే రికార్డింగ్ మధ్యలో ఆగిపోలేదన్నమాట. ఫైల్ సైజు సరిపోయి శబ్దం మాత్రం లేకపోతే "అల్సామిక్సర్" తెరిచి, ఎఫ్6 నొక్కి మీ కార్డు ఎంచుకుని, ఎఫ్4 నొక్కి క్యాప్చర్ వైపుకి వెళ్లి, అక్కడ స్థాయి సున్నాలో ఉందేమో చూసి పైకి జరపండి. ప్లేబ్యాక్ వైపు ఏదైనా గడి కింద రెండు ఎం అక్షరాలు కనపడితే అది మ్యూట్‌లో ఉన్నట్టు, ఎం నొక్కితే పోతుంది.

ఇప్పుడు అసలు పని. ఒకే లైనులో వేసేయొచ్చు, నేను మాత్రం మొదటిసారి విడివిడిగా వేయమంటాను, ఏది ఎందుకో తెలుస్తుంది.

సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్ బిల్డ్ గీత ఎసెన్షియల్ పికెజి గీత కాన్ఫిగ్

మొదటిది జిసిసి, మేక్ లాంటి పనిముట్ల మూట. రెండోది ఏ లైబ్రరీ ఎక్కడుందో కంపైలర్‌కి చెప్పే గుమస్తా.

సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్ లిబ్‌ఎసౌండ్2 గీత డెవ్

పేరు టైప్ చేయడంలో ఎక్కువమంది తడబడేది ఇక్కడే: లిబ్, వెంటనే ఎ, వెంటనే సౌండ్, వెంటనే 2, అన్నీ కలిపి, తర్వాత గీత, డెవ్. ఆ ఎ అల్సాది అని గుర్తుపెట్టుకుంటే మరిచిపోరు. వేశాక "పికెజి గీత కాన్ఫిగ్, ఖాళీ, రెండు గీతలు, మోడ్‌వెర్షన్, ఖాళీ, అల్సా" అని కొడితే 1.2తో మొదలయ్యే వెర్షన్ అంకె రావాలి. వస్తే హెడర్లు సరిగ్గా కూర్చున్నట్టే.

కంపైల్ చేసేటప్పుడు ఇంకో గుంట ఉంది. హెడర్ దొరికింది, హమ్మయ్య అనుకునేలోపు "అన్‌డిఫైన్డ్ రిఫరెన్స్" అని ఇంకో వరస మొదలవుతుంది. ఇది కంపైలర్ గొడవ కాదు, మీ కోడ్‌నీ లైబ్రరీలనీ కలిపి కుట్టే లింకర్ గొడవ. "గీత చిన్న ఎల్ ఎసౌండ్" అన్న ముక్కని కమాండ్‌లో మీ సి ఫైల్ పేరు తర్వాత పెట్టాలి, ముందు పెట్టకూడదు. లింకర్ ఎడమ నుంచి కుడికి చదువుకుంటూ పోతుంది, అప్పటిదాకా ఎవరూ అడగని లైబ్రరీని పక్కన పడేస్తుంది, తర్వాత మీ కోడ్ వచ్చి అడిగితే "ఎక్కడుంది?" అంటుంది. ఈ వరస తప్పితే లైబ్రరీని మళ్లీ మళ్లీ ఇన్‌స్టాల్ చేసుకునేవాళ్లని చూశాను, దాని వల్ల ఏమీ మారదు.

నేరుగా అల్సాతో కోడ్ రాయడం నాకైతే విసుగు, పది ఫంక్షన్లు పిలిస్తే గానీ మొదటి శాంపిల్ చేతికి రాదు. అందుకే పోర్ట్‌ఆడియో, ఆ పనంతా తను చూసుకునే లైబ్రరీ. ఇదే కోడ్ రేపు విండోస్ మీద కూడా నడుస్తుంది.

సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్ పోర్ట్‌ఆడియో19 గీత డెవ్

దీనికి ముందు లిబ్ లేదు, 19 మధ్యలో ఖాళీ లేకుండా అతుక్కుని ఉంటుంది. పాట ఫైళ్లు చదవడం, రాయడం కావాలంటే లిబ్ ఎస్ ఎన్ డి ఫైల్ 1 గీత డెవ్ కూడా వేసుకోండి, వేవ్, ఫ్లాక్, ఆగ్ అన్నీ అదే చూసుకుంటుంది.

పైథాన్ వాళ్లు ఇక్కడ నుంచి చదివితే చాలనుకుంటారు, కానీ పైఆడియోని (పోర్ట్‌ఆడియోని పైథాన్ నుంచి వాడుకునే ప్యాకేజీ) పిప్‌తో (పైథాన్ ప్యాకేజీలు వేసే పనిముట్టు) వేసేటప్పుడు చాలాసార్లు అది మీ బోర్డు మీదే కంపైల్ అవుతుంది, అప్పుడు దానికి పోర్ట్‌ఆడియో హెడర్ కావాలి, పైథాన్3 గీత డెవ్ కూడా కావాలి. పైన చెప్పినవి వేశాకే పిప్ దగ్గరికి వెళ్లండి. బుక్‌వార్మ్ నుంచి పిప్ ఇంకో మెలిక పెడుతుంది: "ఎక్స్‌టర్నల్లీ మేనేజ్డ్ ఎన్విరాన్‌మెంట్" అని చెప్పి ససేమిరా అంటుంది. దాన్ని దాటడానికి "బ్రేక్ సిస్టమ్ ప్యాకేజెస్" అనే ఆప్షన్ ఉంది, పేరులోనే ఏం జరగబోతుందో చెప్పేశారు కదా, అంతకంటే మర్యాదగా ఎవరు హెచ్చరిస్తారు. వర్చువల్ ఎన్విరాన్‌మెంట్, అంటే సిస్టమ్‌ని కదపకుండా ప్యాకేజీలు వేసుకునే విడి ఫోల్డర్, పెట్టుకోండి:

పైథాన్3 గీతఎం వెన్వ్ శ్రుతి
సోర్స్ శ్రుతి/బిన్/యాక్టివేట్
పిప్ ఇన్‌స్టాల్ పైఆడియో

వెన్వ్ అంటే వి, ఇ, ఎన్, వి. "శ్రుతి" నేను పెట్టుకున్న ఫోల్డర్ పేరు, మీరు ఇంగ్లిష్ అక్షరాల్లో ఏదైనా పెట్టుకోండి. ప్రతిసారీ కొత్త టెర్మినల్ తెరిచినప్పుడు రెండో లైను మళ్లీ కొట్టాలి, లేకపోతే "నిన్న పనిచేసింది, ఇవాళ మాడ్యూల్ లేదంటోంది" అంటారు. కంపైల్ గొడవే వద్దనుకుంటే సౌండ్‌డివైస్ అనే పైథాన్ ప్యాకేజీ ఉంది. దానికి డెవ్ ప్యాకేజీ అక్కర్లేదు, లిబ్‌పోర్ట్‌ఆడియో2 ఉంటే చాలు. నిజం చెప్పాలంటే పైథాన్ కొత్తగా నేర్చుకునేవాళ్లకి నేను ఇదే చెప్తాను.

పైఆడియో మొదటిసారి నడిపినప్పుడు "అన్‌నోన్ పిసిఎం" అని, "జాక్ సర్వర్ ఈజ్ నాట్ రన్నింగ్" అని పది పదిహేను లైన్లు కక్కుతుంది. టెన్షన్ పడకండి. బోర్డులో లేని వెనక స్పీకర్లు, పక్క స్పీకర్లు అన్నిటినీ ఒకసారి తట్టి చూసి, లేవని గొణుక్కుంటుంది, అంతే. పట్టించుకోవాల్సినవి మైనస్ అంకెతో వచ్చేవి. మైనస్ 9997 అంటే మీరడిగిన శాంపిల్ రేటు ఆ కార్డుకి రాదని అర్థం, 44100 బదులు 48000 పెట్టి చూడండి. మైనస్ 9981 అంటే మైకు నుంచి వచ్చేది వస్తోంది, మీ ప్రోగ్రాం ఖాళీ చేసుకోవట్లేదు, డ్రమ్ము నిండి పొర్లిపోతోంది. బఫర్, అంటే శబ్దాన్ని ఒక్కసారికి ఎంత ముక్కగా తీసుకుంటారో అది, పెంచండి. 48000 దగ్గర 256 ఫ్రేములంటే 5 మిల్లీసెకన్ల చిల్లర, 1024 అంటే 21. రికార్డింగ్‌కి 1024 హాయిగా సరిపోతుంది. వాయిస్తుంటే అప్పటికప్పుడు చెవిలో వినపడాలనుకునేవాళ్లకే ఆ చిన్న అంకెలతో పని.

"డివైస్ ఆర్ రిసోర్స్ బిజీ" వస్తే ఇంకో ప్రోగ్రాం కార్డుని పట్టుకుని కూర్చుందని అర్థం. ఎక్కువసార్లు అది ఇంకో టెర్మినల్లో మీరే ఆపకుండా వదిలేసిన పాత ప్రోగ్రాం.

నా పని శ్రుతి చూసే డబ్బా, అక్క వీణ క్లాసుల కోసం. దానికి ఫ్రీక్వెన్సీ లెక్క కావాలి, అందుకు లిబ్ ఎఫ్ ఎఫ్ టి డబ్ల్యూ 3 గీత డెవ్ వేశాను. వేయడం నిమిషం పని, కానీ ఇందులో నేను పప్పులో కాలేసింది వేరే చోట. 48000 రేటుకి 4096 శాంపిళ్ల ముక్క తీసుకుంటే ఫ్రీక్వెన్సీలని పంచి పెట్టే ఒక్కో గడి వెడల్పు 11.7 హెర్ట్జ్ అవుతుంది. ఒకటో శ్రుతి షడ్జమం 130.8 హెర్ట్జ్, ఒకటిన్నర శ్రుతిది 138.6, మధ్యలో తేడా 8 హెర్ట్జ్ కూడా లేదు. అంటే నా డబ్బా ఆ రెండు శ్రుతుల మధ్య తేడా సరిగ్గా పట్టలేక "బాగుంది" అనేసేది, అక్కేమో "నీ డబ్బాకి చెవుడు" అనేది. 32768 శాంపిళ్లు తీసుకుంటే గడి 1.46 హెర్ట్జ్‌కి దిగింది, కాకపోతే ఒక్కో లెక్కకి ముప్పావు సెకను దాకా శబ్దం పోగుచేయాలి. తీగ బిగించేటప్పుడు ఆ ఆలస్యం భరించొచ్చు.

ఆప్ట్‌లో దొరకని లైబ్రరీని సోర్స్ నుంచి కట్టుకోవాల్సి వస్తే రెండు మాటలు. జీరో 2 డబ్ల్యూలో ఉన్నది 512 ఎంబీ మెమరీ, అక్కడ "మేక్ గీత జె4" అని నాలుగు పనులు ఒకేసారి పెడితే మధ్యలో "కిల్డ్" అని ఒక్క మాట చెప్పి కంపైలర్ చచ్చిపోతుంది. కోడ్‌లో తప్పేమీ ఉండదు, మెమరీ చాలదు. జె1 పెట్టి, టీ తాగి రండి. రెండోది, మేక్ ఇన్‌స్టాల్ అయ్యాక కూడా ప్రోగ్రాం నడిపితే షేర్డ్ లైబ్రరీ దొరకలేదంటే "సుడో ఎల్‌డికాన్ఫిగ్" ఒక్కసారి కొట్టండి, కొత్తగా వచ్చిన లైబ్రరీ సంగతి సిస్టమ్‌కి అప్పుడే తెలుస్తుంది. ఎవరో కట్టిపెట్టిన ఫైల్ దించుకునే పక్షంలో మీది 32 బిట్టా 64 బిట్టా అన్నది "డిపికెజి, ఖాళీ, రెండు గీతలు, ప్రింట్ గీత ఆర్కిటెక్చర్" అని అడిగి తెలుసుకోండి. అందరూ వాడే యునేమ్ కమాండ్ చెప్పేది కర్నెల్ (ఓఎస్ అడుగున ఉండే గుండెకాయ) సంగతి మాత్రమే, 32 బిట్ ఓఎస్ కింద కూడా 64 బిట్ కర్నెల్ నడుస్తూ ఉండొచ్చు. ఆర్మ్‌హెచ్‌ఎఫ్ అని వస్తే 32, ఆర్మ్64 అని వస్తే 64.

ఇంకొక్కటి. అంతా పనిచేసి, డబ్బాలో పెట్టి స్క్రూలు బిగించాక, మర్నాడు ఆన్ చేస్తే మైకు దొరకలేదంటుంది. నిన్న కార్డు 2గా ఉన్నది ఇవాళ 1 అయి ఉంటుంది, బోర్డు లేచినప్పుడు ఎవరు ముందు తయారైతే వాళ్లకి ముందు నంబరు. కాబట్టి నంబరుతో కాకుండా పేరుతో పిలవండి: ప్లగ్‌హెచ్‌డబ్ల్యూ, రెండు చుక్కలు, కార్డ్ అని పెద్దక్షరాల్లో, సమానం గుర్తు, ఆపైన ఎరికార్డ్ జాబితాలో కార్డు నంబరు పక్కనే కనిపించే పొట్టి పేరు. చవక యూఎస్‌బీ కార్డుల్లో చాలావాటికి ఆ పేరు ఉత్తినే "డివైస్" అని ఉంటుంది, అందులో డి పెద్దక్షరం.